మా ఇంటి పోస్టుమాస్టరు

మీ పేరు రాసివున్న ఉత్తరాన్ని మీకంటే ముందు ఇంకొకరు విప్పి చదవడం మీకెప్పుడైనా జరిగిందా? నా వయసు వాళ్ళకి అంతగా జరిగివుండదు. మేము పెళ్ళిళ్ళయి కాపురాలకి వెళ్ళేసరికే సెల్‌ఫోన్లు వచ్చేశాయి. మా పిన్ని తరానికి మాత్రం అది మామూలు సంగతి. పిన్ని అత్తవారింట్లో వీధి అరుగుమీద ఎప్పుడూ మామగారు కూర్చుని వుండేవారట. పోస్టుమాన్ ఇన్‌లాండ్ కవరు ఆయన చేతికే ఇచ్చేవాడు. ఆయన దాని అంచులు జాగ్రత్తగా చింపి, చదివి, "మీ అమ్మగారు కులాసాగానే వున్నారటమ్మా" అని వంటింట్లో వున్న కోడలికి సారాంశం చెప్పేవారు. ఉత్తరం మాత్రం సాయంత్రమో మర్నాడో చేతికొచ్చేది.

ఆయన చెడ్డవాడేం కాదు. పిన్నికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చుని తడిగుడ్డ వేసిన మనిషి. ఇంటికొచ్చిన ఉత్తరం ఇంటిపెద్ద చదవడంలో తప్పేముందని ఆయనకే కాదు, ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఈ సంగతి తెలిసి మా అమ్మమ్మ కూడా ప్రతి ఉత్తరంలో మొదటి వాక్యం వియ్యంకులవారికి నమస్కారాలతోనే మొదలుపెట్టేది. ఇక ఆ ఉత్తరాల్లో తల్లీకూతుళ్ళు చెప్పుకునేందుకు ఏం మిగులుతుంది? వానలు, పచ్చళ్ళు, ఎవరి ఇంట్లో పురుడు.

అందుకే 2019లో పిన్నికి నేనొక ఈమెయిలు పెట్టె ఏర్పాటు చేసి ఇచ్చినప్పుడు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "దీని తాళం నా దగ్గరే వుంటుందిటే?" అని.

"నీ దగ్గరే పిన్నీ" అన్నాను. అబద్ధమాడుతున్నానని నాకప్పటికి తెలియదు.

బి.ఏ.లో ఫిలాసఫీ చదివి, నవలలు రాసుకునేదానికి ఈమెయిలు పెట్టెలు పంచే అధికారం ఎక్కడినుంచి వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. చెబుతాను. నా నవల ఒకటి ఒకరి వెబ్‌సైటులో వారం వారం వచ్చేది. పాఠకురాళ్ళ అభిప్రాయాలు, నేను రాసిన జవాబులు అన్నీ అక్కడే వుండేవి. ఒకరోజు పొద్దున్నే చూస్తే సైటే లేదు. నెలముందే నోటీసు పంపారట. నేను చూడలేదు. నా ఒక్కదానికే జరిగిందా అంటే, కాదు. ఒకప్పుడు లక్షలమంది తమ సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ని యాహూ వాళ్ళు 2009లో మూసేశారు. నా ఏడుపు చూసి, కంప్యూటర్ల ఉద్యోగం చేసే మా తమ్ముడు, "అద్దింట్లో గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళని అడగాలక్కా. సొంతానిది పెట్టుకో" అన్నాడు.

సొంతం అన్నాడు గానీ, తీరా చూస్తే అందులోనూ సొంతమేమీ లేదు. మా ఇంటిపేరుతో డొమైన్ తీసుకున్నాం. అది కొనుక్కోవడం కాదు, ఏడాదికింతని కౌలు. యంత్రం బొంబాయిలో ఎక్కడో వుంది. దానికి నెల నెలా అద్దె. కట్టినన్నాళ్ళూ మనది, మానేస్తే కాదు. కాకపోతే ఆ అద్దింటికి తాళం నా చేతిలో వుంటుంది, అంతే తేడా. నా కథలూ వ్యాసాలూ అందులో సర్దుకున్నాను. "ఎలాగూ ఇల్లు తీసుకున్నావు కదా, ఉత్తరాల ఆఫీసు కూడా పెట్టేద్దాం" అని మావాడు ఇంకో గది తెరిచాడు. నాకు, మావారికి, నాన్నగారికి, మా ఆడపడుచుకి, పిన్నికి, ఇంకో ఇద్దరికి మొత్తం ఏడు పెట్టెలు.

ఆ ఉత్తరాల ఆఫీసు పనిచేసే తీరు చూస్తే నాకు భలే ముచ్చటేసింది. నేను ఉత్తరం పంపగానే మా యంత్రం ముందు ఒక పెద్ద చిరునామాల పుస్తకంలో అవతలి ఊరి ఉత్తరాల ఆఫీసు ఎక్కడుందో వెతుకుతుంది. వెళ్ళి ఇరవైఅయిదో నంబరు తలుపు తడుతుంది. ముందు హలో అంటుంది. నవ్వకండి, నిజంగానే ఆ మాటే అంటుంది. తన పేరు చెబుతుంది, ఫలానావారినుంచి ఫలానావారికి అని చెబుతుంది, ఉత్తరం అందించి సెలవు తీసుకుంటుంది. తలుపు తియ్యకపోతే తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళి, నాలుగైదు రోజులపాటు ప్రయత్నించి అప్పుడుగానీ ఉత్తరాన్ని వెనక్కి ఇవ్వదు. ఈ మర్యాదల్లో చాలావరకు 1982లో జాన్ పోస్టెల్ అనే ఆయన రాసిపెట్టిన నియమాల్లోవి. ఎవరి అనుమతీ అడగకుండా ఎవరైనా తమ ఇంట్లో ఒక పోస్టాఫీసు తెరుచుకోవచ్చు. అయితే ఈమెయిలు నియమాల్లో ఒక షరతు వుంది. ప్రతి ఆఫీసులోనూ 'పోస్ట్‌మాస్టర్' అనే పేరుతో ఒక పెట్టె తప్పకుండా వుండాలి. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా దానికి రాస్తారు. ఆ ఉద్యోగం నా నెత్తిన పడింది.

కష్టాలు చెప్పుకుంటే రామాయణం అవుతుంది. నెట్టులో ప్రతి యంత్రానికీ ఒక అంకెల చిరునామా వుంటుంది. మాకిచ్చిన చిరునామాలో మాకు ముందు ఎవడో వుండి చెత్త ఉత్తరాలు గుమ్మరించాడట. ఆ అప్రదిష్ట మాకు చుట్టుకుంది. నేను పంపిన పెళ్ళి శుభలేఖ మా మేనత్త పెట్టెలో చెత్తబుట్టలోకి వెళ్ళిపోయింది. ఆవిడ ఏడాదిపాటు మాతో మాట్లాడలేదు. 2024లో గూగుల్, యాహూల వాళ్ళు ఉత్తరం పంపేవాళ్ళు తమ ఊరూ పేరూ రుజువు చేసుకోవాలని నిబంధనలు బిగించారు. పెళ్ళిసంబంధానికి ఇన్ని వాకబులు చేస్తే ఊళ్ళో ఒక్క పిల్లకీ పెళ్ళవదు! రాత్రిళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళు మా తాళంలో వందలకొద్దీ మారుతాళాలు పెట్టి తిప్పి చూస్తుంటారు. మొదట్లో ఆ చిట్టా చూసి నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు కుక్కల అరుపుల్లా అలవాటయింది.

"నెలకి ఐదువందలు పోసి తలనొప్పి కొనుక్కున్నావు. అందరూ వూరికే వాడుకునేదాన్లో వుంటే ఏమైంది?" అంటారు మావారు. నా దగ్గర జవాబు సిద్ధంగా వుండేది. "పరాయివాళ్ళు మన ఉత్తరాలు చూడరు." 2004లో జీమెయిల్ మొదలైనప్పుడు ఉత్తరాల్లోని మాటల్ని యంత్రంతో చదివించి, వాటికి తగ్గ ప్రకటనలు పక్కన చూపించేవారు. ప్రకటనల కోసం అలా చదవడం ఆపేస్తామని 2017లో వాళ్ళే చెప్పారు. అయినా పదమూడేళ్ళు చదివారు కదా! మా ఇంట్లో అలాంటిది లేదని గర్వంగా చెప్పుకునేదాన్ని.

ఆ గర్వం ఒక రాత్రి దిగిపోయింది.

యంత్రంలో చోటు నిండిపోయి ఎవరికీ ఉత్తరాలు రావడంలేదు. తమ్ముడు ఊళ్ళో లేడు. వాడు కాగితంమీద రాసిచ్చిన ప్రకారం నేనే లోపలికి వెళ్ళి, ఏం పేరుకుపోయిందో చూడటానికి యంత్రం రాసుకునే చిట్టా తెరిచాను. అందులో ఉత్తరాల్లోని సంగతులేవీ వుండవు. ఎవరు, ఎవరికి, ఎన్నింటికి పంపారో మాత్రం వుంటుంది. కవరుమీది అడ్రసు లాంటిదన్నమాట. పూర్వం పోస్టుమాన్‌కి తెలిసేది అంతేగా? కానీ అంతమాత్రానికే ఊళ్ళో ఎవరి కొడుకు డబ్బు పంపడం మానేశాడో ఆయనకి తెలిసిపోయేది.

మా ఆడపడుచు పేరు ఆ చిట్టాలో పదే పదే కనిపించింది. రాత్రి రెండుగంటలకి, రెండున్నరకి, మళ్ళీ మర్నాటి రాత్రి రెండుకి. అన్నీ ఒకే చిరునామాకి. అది విడాకుల కేసులు చూసే ఒక లాయరుగారి ఆఫీసు.

నేను ఒక్క ఉత్తరమూ విప్పలేదు. అయినా అన్నీ చదివేసినట్టే అయింది.

ఏం చెయ్యాలి? తెలిసీ తెలియనట్టుండటమా? ఆ పిల్ల అక్కడ ఒంటరిగా అర్ధరాత్రిళ్ళు మేలుకుని కూర్చుంటే హాయిగా నిద్రపోవడమా? మావారికి చెప్పలేదు. వారం తర్వాత ఉండబట్టలేక ఫోన్ చేసి, "ఎలా వున్నావమ్మా, మనసేమైనా బాగా లేదా, కొన్నాళ్ళు ఇక్కడికి రాకూడదూ" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "వదినా, నీకెలా తెలిసింది?" అంది. నాకు మాట పెగల్లేదు. తెలివైన పిల్ల, తనే గ్రహించింది. కోపగించుకోలేదు. ఆ నెలలోనే తన ఉత్తరాలన్నీ ఒక పెద్ద కంపెనీవాళ్ళ పెట్టెలోకి మార్చేసుకుంది. "అక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు వదినా" అంది.

ఆ మాటతో నా వాదమంతా తలకిందులైంది. పరాయివాళ్ళు చదువుతారని నేను ఉత్తరాలు ఇంట్లో పెట్టాను. ఆ పరాయి యంత్రం నా ఉత్తరం చదివితే చదివి, నాకో చీర ప్రకటన చూపిస్తుంది. దానికి నా కాపురంతో పనిలేదు, నా మొహం చూసి జాలిపడదు, మా అత్తగారికి చెప్పదు. ఇంట్లో మనిషి చదివితే? మన ఆడవాళ్ళ ఉత్తరాలు విప్పినవాళ్ళెప్పుడూ పరాయివాళ్ళు కారు. అరుగుమీద కూర్చున్న మామగారి చోటు ఖాళీ చేయించాననుకున్నాను. తీరా చూస్తే ఆ చోటులో నేనే కూర్చుని వున్నాను, అదీ ప్రేమతోనే.

(ఈ సంగతి పత్రికకెక్కించడం మాత్రం తప్పు కాదా అంటారేమో. ఆమెని అడిగాను. ఇప్పుడు ఆమె బతుకు ఆమె నిశ్చింతగా బతుకుతోంది. "రాసుకో వదినా, ఊరి పేరు మాత్రం రాయకు" అంది. రాయలేదు.)

కాలేజీలో మాకు ప్లేటో రాసిన 'రిపబ్లిక్' పాఠంగా వుండేది. అందులో గ్లాకాన్ అనే అతను ఒక ఉంగరం కథ చెబుతాడు. లిడియా దేశంలో ఒక పశువుల కాపరికి ఉంగరం దొరుకుతుంది. దాన్ని అరచేతి వైపుకి తిప్పుకుంటే అతను ఎవరికీ కనిపించడు. ఇంకేం, రాణిని లోబరచుకుని, రాజుని చంపి, రాజ్యం కాజేస్తాడు. ఎవరూ చూడరన్న ధీమా వుంటే మంచివాడైనా మంచిగా వుంటాడా అని గ్లాకాన్ ప్రశ్న. మా లెక్చరరు మేడమ్ క్లాసులో ఒక్కొక్కరినీ అడిగారు, ఆ ఉంగరం మీకుంటే ఏం చేస్తారని. ఒకమ్మాయి టిక్కెట్టు లేకుండా సినిమాకి వెళ్తానంది. నేను మాత్రం లేచి నిలబడి, "ఏమీ చెయ్యను మేడమ్" అన్నాను. పద్ధెనిమిదేళ్ళ వయసులో ఎంత సులభంగా అనేశాను!

ఇప్పుడా ఉంగరం నా దగ్గర వుంది. దాని పేరు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్. మా యంత్రంలో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలుగా వుంటుంది. ఇంకా తెరవని ఉత్తరాలు 'న్యూ' అనే అరలో వుంటాయి. ఎవరి ఉత్తరం వాళ్ళు వాళ్ళ తాళంతో తెరిస్తే అది పక్క అరలోకి జరుగుతుంది. నేను నా తాళంతో పెరటి గుమ్మంలోంచి వెళ్ళి చదివితే ఆ ఉత్తరం అక్కణ్ణుంచి కదలదు. చదివిన జాడ వాళ్ళకి తెలియనే తెలియదు. అంటుకున్న కవరు విప్పి మళ్ళీ అతికించడానికి వెనకటివాళ్ళు అన్నం మెతుకులతో ఎంత అవస్థపడేవారో!

చదివానా? లేదు. నా సద్గుణం వల్ల అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజం అది కాదు. పిన్ని నా గురించి ఎవరికైనా ఏమైనా రాసివుంటుందేమోనన్న భయం వల్ల. కాపలా పెట్టినవాడికి కూడా చదవరాకుండా ఉత్తరానికి ప్రత్యేకంగా తాళం వేసే పద్ధతులున్నాయని తమ్ముడు చెప్పాడు. పిన్నికి నేర్పబోతే, "ఇన్ని తాళాలెందుకే, నువ్వున్నావుగా" అంది.

పిన్ని 2024 మార్గశిరంలో పోయింది.

పన్నెండోరోజు కార్యక్రమం అయ్యాక వాళ్ళబ్బాయి నన్ను పక్కకి పిలిచి, "అక్కా, అమ్మ పెట్టె ఒకసారి తెరువు" అన్నాడు. బ్యాంకు కాగితాలు, బీమా కాగితాలు కావాలన్నాడు. న్యాయమైన మాటే. ఎవరినుంచి వచ్చాయో పేర్లు మాత్రం చూసి, బ్యాంకువీ బీమావీ ఏరి ఇచ్చాను. పేర్లు కూడా చూడకూడదేమో, చూశాను. రెండురోజులాగి మళ్ళీ వచ్చాడు. "మిగతావి కూడా ఇవ్వక్కా. అమ్మ ఉత్తరాలు మాకు కాకపోతే ఇంకెవరివి?" అన్నాడు.

ఏం చెప్పను? గూగుల్ వాళ్ళు 2013లోనే ఒక ఏర్పాటు చేశారు. నేను కనిపించకుండా పోతే నా పెట్టె ఫలానావారికి ఇవ్వండి అని మనం ముందే రాసిపెట్టుకోవచ్చు. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో కూడా నామినీని పెట్టుకునే హక్కు రాశారు. కానీ సొంతానికి, ఇంటి అవసరాలకి వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదని అందులోనే వుంది. ఇంటి గుమ్మం దగ్గర చట్టం ఆగిపోతుంది, ఎప్పటిలాగే. పిన్ని ఎవరి పేరూ రాసిపెట్టలేదు. నేను అడగనూ లేదు. చావు గురించి పెద్దవాళ్ళని ఎలా అడుగుతాం చెప్పండి.

పిన్ని ప్రతి ఆదివారం ఒక చిరునామాకి ఉత్తరం రాసేది. ప్రతి మంగళవారం జవాబు వచ్చేది. ఐదేళ్ళు. ఎవరో నేను చెప్పను, ఆ కుర్రాడికీ చెప్పలేదు. బాల్యస్నేహితురాలో, వెనక తనతో పనిచేసిన మేష్టారో, ఎవరైతేనేం? జీవితంలో మొదటిసారి మామగారు చదవని ఉత్తరాలు రాసుకుంది మా పిన్ని. ఉత్తరం ఎవరిది అన్న తగువు పాతదే. ఇంగ్లీషు కవి పోప్ తన ఉత్తరాలు అచ్చేసి అమ్ముకున్న పుస్తక వ్యాపారిమీద దావా వేస్తే, కాగితం అందుకున్నవారిదే గానీ అందులోని మాటలు రాసినవారివి అనే ధోరణిలో 1741లో తీర్పొచ్చింది. అంటే పిన్ని పెట్టెలో వున్న జవాబులు పిన్నివి మాత్రమే కావు. బతికివున్న ఇంకొకరివి కూడా.

ఇదంతా వాడికి చెబితే విన్నాడు. "నువ్వు చెప్పేవన్నీ నిజమే కావచ్చక్కా. నాకు అమ్మ మాట వినాలనుంది, అంతే" అన్నాడు. దానికి పోప్‌గారి దగ్గర జవాబు లేదు. పిన్ని వాడికి రాసినవి, వాడు పిన్నికి రాసినవి వెతికి తీసి అన్నీ ఒకచోట చేర్చి ఇచ్చాను. అరవైఒక్క ఉత్తరాలు. ఫోన్ మార్చినప్పుడు వాడు తన దగ్గరున్నవన్నీ పోగొట్టుకున్నాడట. తీసుకున్నాడు. పండక్కి వచ్చినా నాతో మునుపటిలా మాట్లాడటంలేదు.

పిన్ని పోయిన సంగతి తెలియక మంగళవారం ఉత్తరాలు వస్తూనే వున్నాయి. 'న్యూ' అరలో ఒకటి, రెండు, మూడు. నాలుగోది వచ్చాక ఇక లాభంలేదని ఆ చిరునామాకి నేనే రాశాను. నా పేరుతో కాదు, పోస్ట్‌మాస్టర్ పేరుతో. ఫలానా తేదీన ఆవిడ కాలం చేశారని, ఉత్తరాలు ఎవరూ తెరవలేదని, మీరు ఏం చెయ్యమంటే అది చేస్తానని. వారానికి జవాబొచ్చింది. ఇది నాకు రాసింది కాబట్టి చదివాను. రెండే వాక్యాలు. ఆ నాలుగూ తెరవకుండా అలాగే వుంచమని. మిగతావి ఏం చెయ్యాలో ఆలోచించుకుని రాస్తానని. ఇంతవరకూ మళ్ళీ రాయలేదు.

ఈ నెలాఖరుకి మా డొమైన్ కౌలు ముగుస్తోంది. నవలలు ఇప్పుడు పుస్తకాలుగా వచ్చాయి, నాన్నగారు వాట్సాప్‌కి మారిపోయారు, "ఇంకెందుకు, ఎత్తెయ్యి" అంటున్నారు మావారు. ఎత్తేస్తే ఆ పేరు బజార్లో పడుతుంది. ఎవరు కొనుక్కుంటే వాళ్ళదే. వాళ్ళు ఒక పెట్టె తెరిచి కూర్చుంటే, రేపెప్పుడైనా పిన్ని పేర వచ్చే ఉత్తరం తిన్నగా వాళ్ళ చేతిలోనే పడుతుంది. నిన్న మూడేళ్ళకి ఒకేసారి కట్టేశాను.

కడుతుంటే చూసి, ఇంటర్ చదువుతున్న మావాడు, "నీ తర్వాత ఇదంతా ఎవరు చూడాలమ్మా? పాస్‌వర్డ్ ఎక్కడ రాసిపెట్టావు?" అని అడిగాడు.

ఇంకా ఎక్కడా రాయలేదు. ముందు ఆ ఉంగరం కథ వాడికి చెప్పి, నువ్వైతే ఏం చేస్తావని అడగాలనుకుంటున్నాను.